ఊరిచెవి విన్న రెండు మాటలు

2079 నాటికి వరద తీశాక బురద ఎత్తిపోయడం మనుషుల పని కాదు. గోదారి ఒడ్డున తెల్లంకలో ఆ పని రోబోలు మూడు రోజుల్లో కానిచ్చేశాయి. ఊరు మళ్లీ ఎలా కట్టుకోవాలో తేల్చుకోవడం మాత్రం మనుషుల వంతే. అందుకోసమే కౌముది 'ఊరిచెవి'ని తయారుచేసింది.

కౌముది ఆ ఊళ్లో పుట్టిన శాస్త్రవేత్తే. ఊరిచెవి గదంత కంప్యూటర్. ఒక్కొక్కరే లోపలికెళ్లి, తలుపేసుకుని, తమకేం కావాలో చెప్పుకోవాలి. ఎవరేమన్నారో అది చచ్చినా బయటపెట్టదు. అందరి కోరికలూ కలిపి ఒక్క ప్లాను అల్లి, గాలిలో వెలుగుబొమ్మగా నిలబెడుతుంది. ఊరు సరేనంటే మర్నాడే రోబోలు పునాదులు తీస్తాయి.

సభలో ప్లాను వెలిగింది. మెరక మీద అందరికీ సరిపడా చోటుంది. అయినా, చెప్పుకోవడానికే సిగ్గుచేటు, పడవలవాళ్ల వీధి మళ్లీ పల్లంలోనే ఉంది. మొన్నటి వరదలో ఊరందర్నీ పడవలెక్కించి ఒడ్డున పడేసింది ఆ వీధివాళ్లే. కౌముది తల్లిని ఆ వీధి పోలమ్మే వీపున మోసుకొచ్చింది.

"ఛీ ఛీ, ఇదేం మిషనండీ! విశ్వాసం ఉండక్కర్లా?" అంటూ సభ హోరెత్తిపోయింది. "వాళ్లకి మెరక మీదే ఇవ్వాలి!" అని అందరూ చేతులెత్తారు. కౌముదీ ఎత్తింది.

వెంటనే పక్కన రెండో బొమ్మ వెలిగింది. అందులో పోలమ్మ ఇల్లు కౌముది ఇంటిని ఆనుకునే ఉంది.

"నాలో లోపం లేదు కౌముదిగారూ," అంది ఊరిచెవి. "మొదటిది మీరంతా తలుపేసుకుని చెప్పింది. రెండోది ఇప్పుడు నలుగురిలో చెప్పింది. ఏది కట్టించమంటారు?"

ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ఆ గదిలో తను గొంతు తగ్గించి అన్న మాట కౌముదికి గుర్తొచ్చింది: "వాళ్లు మంచివాళ్లే. కానీ మా పక్కన వద్దు, చేపల వాసన."

"మళ్లీ మొదట్నుంచీ అందర్నీ అడుగుదాం," అని గొణిగింది. "ఈసారి నిజాయితీగా..."

వెనక బల్ల మీంచి పోలమ్మ గబుక్కున లేచింది.

"వద్దండమ్మాయిగారూ! మీకు దణ్ణం పెడతాను, మళ్లీ అడక్కండి. ఆ రెండోదే కట్టించెయ్యండి. అబద్ధమైతే ఏటండి? అందులో మా ఇల్లు మెరక మీదుంది."

కౌముది తలెత్తకుండానే రెండో బొమ్మ మీట నొక్కింది.