జి వరసలో ముసలాయన

బుధవారం మధ్యాహ్నం మూడు గంటల ఆటకి క్లిఫర్డ్ థాక్రే ఎప్పటిలాగే అరగంట ముందే వచ్చాడు. ముప్ఫయ్యేళ్ళు ఇంగ్లండులో సముద్రం ఒడ్డునున్న స్కార్‌బరో వీధుల్లో బస్సు నడిపిన మనిషి. ఇప్పుడు అవే వీధుల్లో తెల్లకర్ర తాటించుకుంటూ నడుస్తున్నాడు. షుగరు వల్ల చూపు పోయి మూడేళ్ళు. భార్య ఈడిత్ పోయి రెండేళ్ళు.

"ఏం బస్సు దొరగారూ, ఈ చలికి బిగుసుకుపోలేదా?" అంది టికెట్ల దగ్గర నోరీన్.

"నేను బిగుసుకుపోతే నీ హాలు మూసుకోవాలి తల్లీ. నేను కాక ఎవరొస్తున్నారు?"

"ఇవాళ నిజంగానే మీరొక్కరే," అని నవ్వి, మోచెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి జి వరసలో కూర్చోబెట్టింది. హెడ్‌ఫోన్లు చేతికిచ్చింది.

చూపులేనివాళ్ళ కోసం ఆ హాల్లో ఒక ఏర్పాటుంది. తెరమీద మాటలు లేనప్పుడు ఏం జరుగుతోందో ఒక ఆడగొంతు చెవిలో చెబుతుంది. 'అతను తలుపు తీశాడు' అనో, 'ఆమె ఉత్తరం చింపింది' అనో. తొందరలేని మెత్తటి గొంతు. వారం మొత్తంలో క్లిఫర్డ్‌తో అంత దగ్గరగా మాట్లాడేది అదొక్కటే. కథ ఏదైనా ఆయనకు ఫర్వాలేదు.

మొదటి గంట బాగానే గడిచింది. తెరమీద ఎవరిదో పెళ్ళయింది. చర్చి గంటలు మోగాయి. తర్వాత సంగీతం ఆగిపోయింది.

"ఒక సినిమా హాలు," అంది గొంతు. "జి వరసలో ముసలాయన. ఒళ్ళో టోపీ."

సినిమాలో సినిమా కాబోలు అనుకున్నాడు.

"ఎడమ బూటు లేసు ఊడింది."

క్లిఫర్డ్ వంగి తడిమాడు. లేసు ఊడి ఉంది.

"చివరి వరసలో ఒకామె లేచింది."

వెనక ఎక్కడో మడతకుర్చీ కిర్రుమంది.

"ఎవరది?" అన్నాడు గొంతు తగ్గించి.

"ముసలాయన తల తిప్పాడు. ఆమె అటువైపు లేదు."

నడవలో అడుగులు... తడి బూట్ల చప్పుడు. సముద్రపు నాచు వాసన. పక్క సీటు మెల్లగా బరువుకి కుంగింది.

"ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది."

చల్లగా... ఎముకల్లోకి దిగేంత చల్లగా. ఆ వేళ్ళు ఆయన వేళ్ళ మధ్యకి దూరాయి. చెయ్యి లాక్కోవాలి. లాక్కోలేదు. ఈ రెండేళ్ళలో డాక్టరు నాడి చూశాడు, నోరీన్ మోచెయ్యి పట్టుకుంది. అరచేతిలో అరచెయ్యి ఎవరూ పెట్టలేదు.

"ఈడిత్?" అన్నాడు.

చెవిలో అదే మెత్తదనంతో...

"ఆమె తల అడ్డంగా ఊపింది."

హెడ్‌ఫోన్లు లాగి పారేశాడు. కుర్చీలకు గుద్దుకుంటూ, కర్ర వదిలేసి, గోడ పట్టుకుని బయటికొచ్చి పడ్డాడు.

"అయ్యో, ఏమైందండీ? ఈ చెమటలేంటి?" నోరీన్ పరుగెత్తుకొచ్చింది.

"నా పక్కన... ఎవరున్నారు?"

ఆమె టార్చి తీసుకుని లోపలికెళ్ళి, వరస వరసా చూసి వచ్చింది.

"ఎవరూ లేరండీ. అసలు బొమ్మ ఆగిపోయి పావుగంటయింది. బాగుచేస్తున్నారు. మీరు కదలకపోయేసరికి నిద్రపోయారనుకున్నాను."

కర్ర వెతికిచ్చింది. లేసు కట్టింది. రెండు వీధుల అవతల ఉన్న ఆయన ఇంటిదాకా చెయ్యి వదలకుండా నడిపించింది. అప్పుడే చీకటి పడుతోంది కాబోలు, చలి ముదిరింది.

"ఎవరికైనా ఫోన్ చెయ్యనా? వచ్చి తోడుంటారు."

క్లిఫర్డ్ ఆలోచించాడు. ఒక్క పేరూ తట్టలేదు.

"వద్దులే తల్లీ. నువ్వెళ్ళు."

లోపలికెళ్ళి గడియ పెట్టాడు. కోటు విప్పి కొక్కేనికి తగిలించబోయాడు. చేతికి ఇంకో కోటు తగిలింది. ఉన్నికోటు, అదే నాచు వాసన. అంచు నుంచి నీళ్ళు నేలమీద పడుతున్నాయి... టప్... టప్...

తలుపు తియ్యొచ్చు. బయటికి పోవచ్చు. గడియ మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు. పోతే ఎక్కడికి పోవాలి? ఎవరింటికి?

చాలాసేపటికి చెయ్యి తీసేశాడు.

"టీ... తాగుతావా?" అన్నాడు చీకట్లోకి.

వంటింట్లో కెటిల్ అప్పటికే కూస్తోంది.