తారుమారైన తీగలు

ఉదయం తొమ్మిదింటికి జువ్వలదిన్నె హార్బర్‌లో, ఐసు ఫ్యాక్టరీ వెనక, ఏజెంట్ ఆనందబాబును పొడిచి చంపారు. పోయే ముందు అతను పంపిన మెసేజ్ రెండు ముక్కలు: "పన్నెండుకు పేలుడు. ఆపే కోడు చిప్పులో."

పదింపావుకు అతని సహచరి రోజారమణి శవాన్ని గుర్తుపట్టి సంతకం పెట్టింది. ఆరేళ్ళు కలిసి పనిచేసిన మనిషి. ఏడుపు వస్తుందేమోనని కాసేపు నిలబడింది. రాలేదు. తను దిగిన నాగులమ్మ ఇంటికి తిరిగొచ్చింది.

రొయ్యల గుంటల నీళ్ళు పరీక్షించే టెక్నీషియన్ వేషంలో వారంగా అక్కడే అద్దెకుంటోంది. శాంపిళ్ళ పెట్టెలో చిప్పులను చదివే మైక్రోకంట్రోలర్ బోర్డు, తీగల్లో సంకేతాలు చూపే లాజిక్ ఎనలైజర్. బల్ల మీద, ముఠా గోడౌన్ నుంచి ఆనందబాబు కాజేసిన, ఇంకా మందు నింపని ట్రాకర్; దాని చిప్పుకు బోర్డు నుంచి తీగలు. అలాంటివే నలభై రెండు పడవలకు ఆ విదేశీ ముఠా ఉచితంగా బిగించింది. వాటి లోపల పేలుడు మందు. విప్పబోతే పేలుతుంది. పడవలన్నీ సముద్రంలో ఉన్నాయి. నాగులమ్మ భర్త కామాక్షయ్య పడవ కూడా.

బల్ల పక్కన రేవతి కూర్చుంది. ముఠా నుంచి ఇటు వచ్చిన డబుల్ ఏజెంట్. చేపల వాసనలోనూ సెంటు పూసుకునే మనిషి.

రోజారమణి బోర్డు ద్వారా చిప్పును దాని ఐడీ నంబరు అడిగింది. తెర మీద ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్. అంటే అవతలి నుంచి జవాబు లేదు.

పదకొండున్నర. మూడు పాయింట్ మూడు వోల్టులు సరిగ్గానే అందుతున్నాయి. క్లాక్ కొట్టుకుంటోంది. చిప్పును పిలిచే చిప్ సెలెక్ట్ తీగ కూడా సరిగ్గానే కిందికి దిగుతోంది. కమాండ్ వెళ్తోంది.

"కాలిపోయింది, వదిలెయ్యి," అంది రేవతి. "పడవలకు వైర్‌లెస్‌లో చెప్పి దూకమందాం."

"వైర్‌లెస్‌ను ట్రాకర్లు జామ్ చేశాయి."

రోజారమణి ఒక్కో తీగనూ వేలితో తడుముతూ పోయింది. బోర్డు పంపే తీగ చిప్పు వినే కాలికి, అంటే పిన్నుకు, వెళ్ళాలి. మాట్లాడే కాలికి వెళ్ళింది. రెండూ తారుమారు.

పొద్దున తనే సరిగ్గా కలిపింది. ఐడీ కూడా వచ్చింది. అంతలో హార్బర్ నుంచి ఫోన్. తను వెళ్ళాక గదిలో మిగిలింది రేవతి ఒక్కతే. చిప్పు పగలగొడితే పట్టుబడుతుంది. చచ్చిపోయినట్టు కనిపిస్తే చాలు.

కోపం రావాలి. అదీ రాలేదు. తీగలు సరిచేసింది. ఐడీ వచ్చింది. కోడు మాత్రం చదివిన ప్రతిసారీ ఒక్కోలా ఉంది. పొడుగు తీగలకు పది మెగాహెర్ట్జ్ వేగం ఎక్కువ. ఒకటికి తగ్గించింది.

మెడ వెనక చల్లగా పిస్టల్ గొట్టం తగిలింది.

"చేతులు తియ్యి రోజా."

"ఆనందబాబును చంపించింది నువ్వేనా?"

"తియ్యమన్నానా! భయం లేదూ?"

"ఉండాల్సింది," అంది రోజారమణి, టైప్ చేస్తూనే.

దబ్బున చప్పుడైంది. గుండు పైకప్పులోకి దూసుకుపోయింది. రేవతి నేలమీద పడింది. వెనక నాగులమ్మ, చేతిలో పడవ తెడ్డు.

"అంతా ఇన్నాను, మా ఆయన నీళ్ళ మీద ఉండాడు," అంది రొప్పుతూ. "ఈమె నీకు తుపాకి పెట్టిందే! నువ్వు చెయ్యమ్మా, ఆగబాక."

ఈసారి రెండుసార్లు చదివితే రెండుసార్లూ ఒకే కోడు. ట్రాకర్లు వినే ఫ్రీక్వెన్సీలో పెట్టిన ట్రాన్స్‌మిటర్‌కు దాన్ని ఎక్కించి మీట నొక్కింది. పదకొండు గంటల యాభైతొమ్మిది నిమిషాల యాభైరెండు సెకన్లు.

నాగులమ్మ గుమ్మంలో నిలబడి సముద్రం వైపు చెవి ఒగ్గింది. పన్నెండు దాటింది. అలల హోరు తప్ప ఏమీ లేదు. ఆమె చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. రోజారమణి ఆ ఏడుపు వంక, దూరంగా కురుస్తున్న వానను చూసినట్టు, చూస్తూ ఉండిపోయింది.

ఫోన్‌లో చీఫ్ విజయభాస్కర్. "ఇంతకీ అంతసేపు ఎందుకు పట్టింది? ప్రాబ్లం ఏంటి?"

"రెండు తీగలు అటూ ఇటూ అయ్యాయి సార్."

"అంతేనా?"

"తప్పు దొరికాక ఎప్పుడూ అంతే సార్."