మాస్క్విచ్ తాళంచెవి

తలుపైనా తట్టకుండా వచ్చి కుర్చీలో కూలబడిన త్స్వెతానాను చూసి, డిటెక్టివ్ రాద్కో బెల్చెవ్ హత్య కేసనుకున్నాడు.

"ఇంకా ఎవరూ పోలేదండీ. ఆ కారు ఇవాళ అమ్ముడుపోకపోతే నా కొడుకు పోతాడు" అందామె.

భర్త పోయినప్పటి నుంచి ఆయన మాస్క్విచ్ కారు గ్యారేజీలో దుప్పటి కప్పుకుని పడి ఉంది. కొడుకు ఓగ్న్యాన్‌కు మొన్ననే లైసెన్సు వచ్చింది. అప్పటి నుంచీ కళ్లు మూసుకుంటే ఆమెకు కనబడేవి కొండదారి మలుపులే. అత్తగారు పోయిన తన కొడుకు కారును అమ్మనివ్వదని గుట్టుగా బేరం కుదుర్చుకుంది. మధ్యాహ్నం కొనేవాడు వస్తాడు. పొద్దున చూస్తే గ్యారేజీ గోడ మేకుకు కారు తాళంచెవి లేదు.

రాద్కో, సహాయకురాలు మిలెనా వెంటనే బయల్దేరారు. నవంబరులో సెవ్లియెవో ఊళ్లో ఏ గ్యారేజీ తెరిచినా వచ్చే వాసనే అక్కడా వచ్చింది: పీపాలో ఉప్పునీళ్లలో పులుస్తున్న క్యాబేజీ. మేకు మీద తెల్లటి పొర కనిపిస్తే రాద్కో వేలితో తీసి నాలుకకు రాసుకున్నాడు.

"మా సారు విషాన్నయినా ఇలాగే పసిగడతారు" అంది మిలెనా గర్వంగా. త్స్వెతానా గుండె పట్టుకుంది.

అతను పీపా మూత ఎత్తబోతే మాత్రం అడ్డుపడింది. "వద్దండీ. అత్తయ్య చెయ్యి తప్ప వేరే చెయ్యి పడితే క్యాబేజీ పాడవుతుందట. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి నన్నే ముట్టుకోనివ్వలేదు."

ఓగ్న్యాన్ తనకేమీ తెలియదన్నాడు. అత్తగారు స్తోయ్నా, మోకాలి నొప్పితో వారం రోజులుగా గ్యారేజీ గడప తొక్కలేదంది.

"మరి పీపాలో నీళ్లు రోజూ తోడి తిరగబోసేదెవరు?" అన్నాడు రాద్కో.

"ఇంకెవరు, నేనే" అని ముసలావిడ నాలుక కరుచుకుంది.

కొనేవాడు కూడా వచ్చాక రాద్కో అందరినీ పీపా చుట్టూ నిలబెట్టాడు. "మేకు మీద ఉన్నది ఉప్పు. ఉప్పునీళ్ల చేత్తో ఎవరో తాళంచెవి తీశారు. ఆ నీళ్లలో చెయ్యి పెట్టేది ఈ ఇంట్లో ఒక్కరే. మిగతావాళ్లు వెతకని చోటూ ఇదొక్కటే."

స్తోయ్నా మోచేతిదాకా చెయ్యి ముంచి, బరువురాయి కింద నుంచి బిరడా బిగించిన చిన్న సీసా తీసింది. అందులో తాళంచెవి.

"లైసెన్సు వచ్చినవాడు కారు తీయకుండా ఊరుకుంటాడా? నీకు చెబితే భయంతో చస్తావని చెప్పలేదే."

"నేను అమ్ముతున్నదీ అందుకే అత్తయ్యా."

ఓగ్న్యాన్ నవ్వాడు. "ఈ పులుపు కంపు కారులో ఏ పిల్ల ఎక్కుతుంది నాయనమ్మా? మావయ్య నాకు మోటారుసైకిలు ఇచ్చేశాడుగా." జేబులోంచి మోటారుసైకిలు తాళంచెవి తీసి అదే మేకుకు తగిలించి భోజనానికి పోయాడు.

స్టార్టు కాకపోవడంతో కొనేవాడు తాడు కట్టి మాస్క్విచ్‌ను లాక్కుపోయాడు. అత్తాకోడళ్లు కాసేపు మేకు వైపే చూశారు. తరువాత స్తోయ్నా ఖాళీ సీసా కోడలి చేతికిచ్చి, పీపా మూత ఎత్తి పట్టుకుంది.

"ఈసారి నువ్వు పెట్టవే చెయ్యి" అంది కోడలితో.