ఒంటి పలకకు వేసిన కీలు

"నా పందెం కారు బోల్టులు అమ్మ ముట్టుకోకూడదు," అన్నాడు ఎలియాసర్. కన్నకొడుకు! ఎన్సెనాడా ఊళ్లోని తమ షెడ్డులో తండ్రి నికనోర్ ఎదుట, నానమ్మ రెఫూహియో ఎదుట అనేశాడు. తల్లి ఒబ్దూలియా చేతిలో స్పానరు చేతిలోనే ఉండిపోయింది.

అనక ఏం చేస్తాడు పాపం? ఏడేళ్లుగా ఇంట్లో వింటున్న మాటే అది! ఎడారి కార్ల పందెంలో ఆమె మరిది సబీనో బండి చక్రం ఊడి పల్టీ కొట్టింది. మనిషి దక్కలేదు. ఆ బండికి బోల్టులు బిగించింది ఒబ్దూలియానే. సరిగ్గా బిగించకుండా నా బిడ్డను మింగేసిందని అత్తగారు ఆనాటి నుంచి ఆమె చేతి తోర్తియా రొట్టె ముట్టలేదు. ఒబ్దూలియా ఒక్కనాడూ కాదనలేదు... ఏడుపంతా పొయ్యి దగ్గరే ఏడ్చుకుంది.

ఇప్పుడు బల్ల మీద, చక్రాన్ని బండికి కలిపే కీళ్లు రెండు రకాలవి ఉన్నాయి. రబ్బరు బుష్షులు కుదుపును మింగుతాయి గాని చక్రాన్ని పూర్తిగా ఊగనివ్వవు. ఉక్కు గుండు కీళ్లు ఎటంటే అటు తిరుగుతాయి. కొడుకు ఉక్కువి ఎంచుకున్నాడు, సరే! కానీ పందేనికి రెండు రోజులే ఉన్నాయన్న తొందరలో కీలును రెండు ఇనప పలకల మధ్య కాకుండా ఒక్క పలకకే వేలాడదీస్తున్నాడు. ఒబ్దూలియా వంగి చూసింది. సబీనో బండికీ అచ్చం ఇలాగే... బోల్టుకు ఒక పక్కే ఆధారం! ఎంత బిగిస్తే మాత్రం గుంతల్లో విరగక మానుతుందా?

నోరు విప్పితే మొగుడి పరువు పోతుంది. విప్పకపోతే కొడుకే పోతాడు.

"రెండో పలక కూడా అతికించరా, ఎలీ. టైము లేకపోతే రబ్బరువే వెయ్యి."

"నువ్వా నాకు చెప్పేది? బాబాయిని చంపింది చాలదా?"

ఆమె భర్త వంక చూసింది. ఏడేళ్లలో మొదటిసారి, కళ్లు దించకుండా చూసింది. నికనోర్ వెల్డింగు ముసుగు తీసి కింద పెట్టాడు.

"మీ అమ్మ బిగించిన బోల్టు వదులవలేదురా," అన్నాడు. "విరిగింది. దాన్ని ఒక్క పలకకు వేసింది నేను. వద్దని ఆ రోజూ ఇలాగే మొత్తుకుంది. నేనే వినలేదు."

ఎలియాసర్ కీలు విప్పడం మొదలుపెట్టాడు. రెఫూహియో గోడ పట్టుకుని కోడలి దగ్గరికి నడిచొచ్చింది.

"ఇన్నేళ్లూ నా తిట్లన్నీ పడ్డావు. నాతో ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదే?"

"మీకు మిగిలిన కొడుకు ఆయనొక్కడే కదా, అత్తయ్యా," అంది ఒబ్దూలియా.