మూడో కుర్చీ, రెండుంపావు టెర్మిన్

ఛాయాదేవిగారికి అన్యాయం జరిగింది 2021 ఫిబ్రవరి 9న, మంగళవారం, మధ్యాహ్నం రెండుంపావుకి. చేసింది మనిషి కాదు. ఒక బ్రాకెట్.

మాది జర్మనీలో జిండెల్ఫింగెన్. కార్ల ఫ్యాక్టరీ వెనక వీధిలో నాలుగంతస్తుల ఇల్లు. మేం పై వాటా, ఆవిడ మా కింది వాటా. కరీంనగర్ మనిషి. ఇక్కడ ముసలివాళ్ళ హోమ్‌లో పని. మంచాలెత్తీ ఎత్తీ నడుం పడిపోయి ఎప్పుడూ నొప్పి బామ్ వాసన కొట్టేది. మెట్ల మీద ఆ వాసన ఉందంటే ఆవిడ డ్యూటీ నుంచి వచ్చిందన్నమాట.

హోమ్‌లో పనిచేసేవాళ్ళకి అందరికన్నా ముందు టీకా అన్నారు. ఆవిడకి పక్క ఊరి కేంద్రంలో టెర్మిన్ దొరికింది, అంటే ఫలానా టైముకి ఫలానా కుర్చీ అని ఇచ్చే అపాయింట్‌మెంటు. మూడో కుర్చీ. వెళ్ళింది, కూర్చుంది, ఎడమ చేతి స్వెట్టరు భుజం దాకా మడిచింది. అప్పుడొచ్చింది ఇంకో ఆమె, అదే రోజు, అదే టైము, అదే కుర్చీ కాగితంతో. ఆ పూటకి మందు ఒక్కరికే మిగిలింది. ఎవర్ని లేపుతారు? భాష రానిదాన్నే లేపుతారు.

ఆ సాయంత్రం మెట్ల మీద ఎదురైంది. బయట మంచు మోకాళ్ళ దాకా ఉంది. ఎడమ చేతి స్వెట్టరు ఇంకా మడిచే ఉంది, చర్మం నీలంగా.

"చెయ్యి దించుకోండి ఛాయాదేవిగారూ, చలి."

"మళ్ల పిలుస్తమన్నరు గదమ్మా," అంది.

పిలవలేదు. రెండు వారాల తర్వాత కరోనాతో ఆస్పత్రిలో పోయింది. కిటికీలోంచి కూడా చూడనివ్వలేదు ఎవర్నీ.

ఇక ఆ బ్రాకెట్ సంగతి. నేను డిగ్రీ తప్పినదాన్ని. ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలతో డేటాబేసు నేర్చుకుని, స్టుట్‌గార్ట్‌లో ఒక చిన్న కంపెనీలో పడ్డాను. ఆ కేంద్రం వాడేది మా డేటాబేసే. అందులో ఒక్కో టెర్మిన్‌కి ఒక్కో వరస ఉంటుంది. ఎవరైనా బుక్ చేసుకునేటప్పుడు ఆ వరసకి తాళం పడాలి. మన ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసినట్టన్నమాట. కర్చీఫ్ ఉంటే రెండోవాడు కూర్చోకూడదు. కానీ మా సాఫ్ట్‌వేర్లో ప్రశ్నని చదివే భాగం ఒకటుంది, పార్సర్ అంటారు. బ్రాకెట్ లోపల ఇంకో బ్రాకెట్ కనిపిస్తే అది 'తాళం వెయ్యి' అన్న మాటని చదవకుండా దాటేస్తోంది. ఎక్కడా తప్పని చెప్పదు. చక్కగా ఇద్దరికీ ఒకే సీటిస్తుంది.

"వాడేవాళ్ళ పొరపాటు," అన్నాడు మా మేనేజరు. వాడి మొహం. వారం కూర్చుని పట్టుకున్నాను, రిపేరు రాశాను. మార్చి 7, ఆదివారం, కేంద్రం మూసి ఉన్నప్పుడు ఎక్కిద్దామన్నారు.

సాయంత్రం ఏడు. బయట వాన. కిటికీల బయటి రోలాడెన్ షట్టర్లు దించేస్తే గది చీకటి డబ్బాలా అయిపోయింది. హీటరు టిక్కు టిక్కుమంటోంది. పక్క గదిలో మా ఆయన రవీంద్రనాథ్ పడుకున్నారు. కిడ్నీ మార్పించుకున్న ఒళ్ళు, ఇంటికెవరైనా పార్సిలిచ్చినా నాకు గుండెదడ. వారాల తరబడి ఫోన్లు చేస్తే ఆ పక్క ఊళ్ళోనే రేపటికి ఒక టెర్మిన్ దొరికింది. అది పోతే మళ్ళీ ఎప్పుడో దేవుడికే తెలియాలి.

వీడియోలో శ్రీచరణ్. వరంగల్ కుర్రాడు, నా టీమే.

"ఎక్కిచ్చిన అక్కా. మెషీన్ రీస్టార్ట్ గూడ చేసిన. చూడు ఇగ."

"చూస్తా. ముందు నువ్వా చిప్స్ ఆపు. నా చెవి నములుతున్నట్టుంది."

"నీ చెవి ఎవలు నములుతరక్కా, మిరపకాయ లెక్క ఉంటది," అని నవ్వాడు.

పరీక్ష చిన్నది. రెండు విండోలు తెరుస్తాను. మొదటిదాంట్లో ఒక వరస మీద కర్చీఫ్ వేస్తాను. రెండోదాంట్లో అదే వరస అడుగుతాను. రెండోది ఆగిపోవాలి. మొదటిది మూసేస్తే రెండోది కదలాలి. అంతే.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక పాడు అలవాటుంది. పరీక్షకి ఏదో ఒక పేరు కావాలంటే ఇంట్లోవాళ్ళ పేరు కొట్టేస్తాం. నేనూ అదే చేశాను, మా ఆయన రేపటి వరసే కొట్టాను. రవీంద్రనాథ్, మార్చి 8, రెండుంపావు, మూడో కుర్చీ. ఆ టైమూ ఆ కుర్చీ వేళ్ళతో కొట్టాను కానీ, బుర్రకి ఎక్కలేదు.

రెండో విండో ఆగింది. పని చేసింది నా రిపేరు! మొదటిది మూసేశాను.

రెండోది కదల్లేదు.

"శ్రీచరణ్, నువ్వేమైనా పట్టుకున్నావా ఆ వరసని?"

"నేనెందుకు పడ్త? మనిద్దరమే ఉన్నం లోపల."

వేరే వరసలు నాలుగైదు అడిగాను. టక్కున వచ్చాయి. ఈ ఒక్కటే రావడం లేదు. రేపు కౌంటర్లో కూడా ఇలాగే ఆగిపోతుంది, ఆయన్ని తిప్పి పంపేస్తారు.

ఎవరు పట్టుకున్నారో చూపించే తెర తెరిచాను. పేరు ఖాళీ. ఎక్కడి నుంచో ఖాళీ. ఎప్పటి నుంచి అన్న చోట మాత్రం ఉంది. ఫిబ్రవరి 9, రెండుంపావు.

"గట్లెట్లయితది?" అన్నాడు శ్రీచరణ్. నవ్వు లేదు గొంతులో. "ఇప్పుడే గద రీస్టార్ట్ చేసిన... పీకెయ్ అక్కా ఆ తాళాన్ని."

పీకేశాను. పోయింది.

మా వాకిలి తలుపు కింద సందులోంచి వెలుతురు వచ్చింది. మెట్ల దీపం. ఎవరో కింద బటన్ నొక్కారు. అడుగుల చప్పుడు కోసం విన్నాను.

అడుగులు లేవు.

తెర మీద చూశాను. మళ్ళీ ఉంది. అదే వరస, అదే ఖాళీ పేరు, అదే తేదీ.

మళ్ళీ పీకాను. దీపం ఆరిపోయింది. ఆ చీకట్లో... ముందు సన్నగా వచ్చింది. తర్వాత గదంతా. నొప్పి బామ్ వాసన.

హీటరు టిక్కుమనడం ఆపేసింది. నా వెనక ఎక్కడో కర్ర కిర్రుమంది.

"అక్కా..." శ్రీచరణ్ గుసగుసగా అన్నాడు. "బావ లేచిండా?"

"లేదే. ఏం?"

"మరి నీ ఎనక కుర్చీల... ఎవరు కూసున్నరు?"

నేను తిరగలేదు. మెడ తిరగనంది. తెర మూలన నా బొమ్మ చూసుకున్నాను. నేనున్నాను, పుస్తకాల బీరువా ఉంది, కుర్చీ ఉంది. ఖాళీ కుర్చీ.

"నీకేం కనిపిస్తోంది?"

"మొకం కనవడ్తలేదక్కా... స్వెట్టరేసుకుంది. ఎడమ చెయ్యి మీదికి మడిచింది. ఎవరన్న పిలుస్తరని... సూస్తున్నట్టుంది."

వాడు ఆవిణ్ని ఎన్నడూ చూడలేదు. చెయ్యి సంగతి వాడికి నేను చెప్పనూ లేదు.

నా నోటికి భయపడనివాళ్ళు లేరని మా ఇంటిల్లిపాదీ అంటారు. ఆ నోరు ఎండిపోయింది. అయినా అన్నాను.

"ఛాయాదేవిగారూ. ఆ బ్రాకెట్ రాసింది నేను కాదు. పట్టుకుంది నేను. పక్క గదిలో ఉన్నాయన రేపు టీకా పడకపోతే మిగలరు. లేవండి. మీకు దణ్ణం పెడతాను, లేవండి."

ఊపిరి తగిలింది మెడ మీద. మంచులా ఉంది.

"నేను ముందొచ్చిన గదమ్మా."

నిజమే. ముందొచ్చింది ఆవిడే. నేను రాసిన రిపేరు కూడా ఆ మాటే చెప్తుంది. ముందొచ్చినవాళ్ళదే వరస, రెండోవాళ్ళు ఆగాలి. ఎంత బాగా రాశాను!

పక్క గదిలో ఆయన దగ్గారు. ఒక్కసారే. నాకు అది చాలు.

"శ్రీచరణ్. తీసెయ్."

"ఏం తియ్యాలె?"

"నా రిపేరు. పాతది ఎక్కించు. రేపు సాయంత్రం దాకా ఉండనీ."

"అక్కా, పాతదుంటే తాళం పడది. ఒక్క సీట్ల ఇద్దరు..."

"తెలుసు."

"అక్కా, అట్ల చేస్తే..."

"తెలిసే అంటున్నాను. ఎక్కించు!"

ఎక్కించాడు. రెండో విండోలో అడిగాను... రెప్పపాటులో కదిలింది. రవీంద్రనాథ్, రెండుంపావు, మూడో కుర్చీ. వచ్చేసింది.

వెనక కుర్చీ కిర్రుమంది. లేచిన చప్పుడు. బామ్ వాసన నా పక్క నుంచి కదిలింది. వాకిలి వైపు కాదు.

పక్క గదిలోకి.

మర్నాడు ఆయన ఒక్కరే బస్సులో వెళ్ళారు. తోడెవర్నీ రానివ్వరు కదా. నాలుగున్నరకి మెట్ల మీద అడుగులు వినిపించాయి. మెల్లగా, నడుం నొప్పి ఉన్న మనిషిలా. తలుపు తీశాను.

"అయిందా?"

తలూపారు. చిన్నగా నవ్వారు కూడా. బయట చలికి పెదాలు పగిలాయి. ఆయన ఎడమ చెయ్యి, జాకెట్టూ చొక్కా కలిపి, భుజం దాకా మడిచి ఉంది. చర్మం నీలంగా.

"చెయ్యి దించుకోండి," అన్నాను.

మా ఆయనది తెనాలి. పుట్టి బుద్ధెరిగి కరీంనగర్ మొహం చూడలేదు.

"మళ్ల పిలుస్తమన్నరు గదమ్మా," అన్నారు.

ఆయన చేతిలోంచి పసుప్పచ్చ టీకా పుస్తకం తీసుకున్నాను. నా వేళ్ళకి బామ్ అంటుకుంది. తెరిచాను. పేరు ఆయనదే. మందు స్టిక్కరుంది, కేంద్రం స్టాంపుంది, డాక్టరు సంతకం ఉంది. తేదీ గడిలో ఇంకు ఇంకా తడిగా ఉంది.

09.02.2021.