సర్ఫరాజ్ దాచిన తామర

"చొక్కా చేతులు పైకి మడవండి" అంది మాస్కు కట్టుకున్న అమ్మాయి, తలెత్తకుండానే.

సర్ఫరాజ్ మడవలేదు. ఆ గొంతు అతనికి తెలుసు. రెండు నెలల కిందట గుత్తిలో నబీ సాబ్ ఇంటికి పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు విన్న గొంతు. మనసు అక్కడే పారేసుకుని వచ్చి, మూడో రోజు తల్లి చేత ఫోన్లో "వద్దు" అనిపించాడు. కారణం చెప్పనివ్వలేదు.

నబీ సాబ్ కూతురు ఇఫ్రా అనంతపురంలో మైక్రోబయాలజీ చదువుతోందని తెలుసు. కళ్యాణదుర్గం బడి వరండాలో పెట్టిన ఈ చర్మవ్యాధుల క్యాంపులో శాంపిళ్లు తీసేది ఆమేనని తెలిసుంటే ఆ వీధి తొక్కేవాడే కాదు.

ఆమె చీటీ చదివి తలెత్తింది.

"ఓ. మీరా?"

"నేను... మళ్లీ వస్తా మేడమ్."

"కూర్చోండి. నేనేం కొరకను. కొరికేది యాడుండాదో చూపించండి."

మే నెల ఎండలో కూడా మణికట్టు దాకా వేసుకునే చొక్కాని సర్ఫరాజ్ తల వంచుకుని మడిచాడు. మోచేతి చుట్టూ ఎర్రటి వలయాలు. అతను టైలర్. కొలతలు తీసే చేతులు ఇట్లా ఉన్నాయని తెలిస్తే కొట్టుకు ఎవరొస్తారని ఏడాదిగా దాస్తున్నాడు.

"ఏం రాసినారు?"

"మెడికల్ షాపులో ట్యూబు. రాస్తే తగ్గుతాది, మానితే రెండింతలు వస్తాది."

"అందులో స్టెరాయిడ్ ఉంటాది. పైకి ఎరుపు కనపడకుండా చేసి, లోపల ఫంగస్‌ని పెంచుతాది." మొద్దు బ్లేడుతో మెల్లగా పొట్టు గీకి కాగితంలోకి రాల్చింది. "దీనికి చక్కెర దొరికితే పండగే. మీ చర్మం మీద చక్కెర యాడుంటాది? అందుకే తిండి మార్చుకుంటాది. పైపొరలో కెరటిన్ అని గట్టి ప్రోటీన్ ఉంటాది, గంధకం ముడులతో బిగించింది. ఇది సల్ఫైట్ వదిలి ముందు ఆ ముడులు విప్పుతాది. తర్వాత ఎంజైములతో ముక్కలు చేసి తింటాది. తిన్నాక అమ్మోనియా వదిలి, ఆ చోటు ఎంజైములకు ఇంకా అనువుగా చేసుకుంటాది."

"అంటే కుట్లు విప్పినాక బట్ట కత్తిరిస్తాది" అన్నాడు సర్ఫరాజ్ తెలియకుండానే.

ఇఫ్రా కళ్లు నవ్వాయి. "మా సార్ కూడా ఇంత బాగా చెప్పలా." వెంటనే ఆ నవ్వు పోయింది. "ఒకటి అడుగుతా. నేను నల్లగుండానని కదా వద్దన్నారు?"

"ఎవరన్నారు?"

"ఎవురూ అనలా. మీరు కారణం చెప్పకపోతే మేమే వెతుక్కున్న్యాం. మా అమ్మ నాకు తెల్లబడే క్రీము కొనిచ్చింది."

అంతవరకూ సర్ఫరాజ్ తన చర్మానికి సిగ్గుపడ్డాడు. ఆ క్షణం నుంచి తనను చూసుకుని సిగ్గుపడ్డాడు.

కూతుర్ని తీసుకెళ్లడానికి వచ్చిన నబీ సాబ్ గేటు దగ్గర బైకు మీద కూర్చుని ఉన్నాడు. సర్ఫరాజ్ మడిచిన చేతులతోనే వెళ్లి, క్యూలో ఉన్నవాళ్లంతా చూస్తుండగా చెయ్యి చాపాడు.

"చాచా, దీనికోసమే వద్దన్నా. మీ బిడ్డలో ఏ తక్కువా లేదు. నాకే ధైర్యం తక్కువ."

క్యూలో ఎవరో కిసుక్కుమన్నారు. నబీ సాబ్ నవ్వలేదు.

"ఈ మాట ఆ పొద్దే చెప్పింటే, నా బిడ్డ రెండు నెల్లు అద్దం ముందర నిలబడి ఏడ్చేది కాదు కదప్పా." బైకు తాళం తిప్పాడు. "పో. ముందు మందు తిను."

డాక్టర్ రాసిచ్చిన మాత్రలు ఒక్క పూట తప్పకుండా మింగాడు. బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేశాడు. ఆరు వారాల తర్వాత మళ్లీ శాంపిల్ ఇచ్చాడు. అందులో ఫంగస్ పెరుగుతుందో లేదో తేలడానికి ఇంకో నెల పట్టింది.

రిజల్టుకు అనంతపురం ల్యాబుకు వెళ్లేసరికి, ఎన్నాళ్లకో ఒక మబ్బు నాలుగు చినుకులు రాల్చి పోయింది. ఇఫ్రా మెట్ల మీదే ఎదురైంది.

"ప్లేటులో ఏమీ పెరగలా. మీకు నయమైంది."

"ఇంకోటి అడగాల." అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఈసారి అమ్మ చేత కాదు, నేనే. మీరు నాకు ఆ పొద్దే నచ్చినారు. భయపడి దాక్కున్న్యా. మీ మొగం చూడాలంటే ఇప్పటికీ సిగ్గుగా ఉండాది."

"తామరకా?"

"కాదు. మిమ్మల్ని ఏడిపించినందుకు."

ఇఫ్రా మాస్కు తీసింది.

"అబ్బా కింద చాయ్ తాగుతా ఉండాడు. పోయి అడుగు. నేను ఎనక వస్తాండా."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని సర్ఫరాజ్‌కు ఆఖరి మెట్టు దిగాక గానీ తెలియలేదు.