గోడకు బిగించిన చెవి

కారు బ్యాటరీ నిండుగా ఉంది. దాన్ని నడపవలసిన న్యాయమూర్తి మాత్రం, సీటు బెల్టు పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే, తల పక్కకు వాల్చి చల్లబడిపోయి ఉన్నాడు.

ఇంటి గేటు పూర్తిగా తెరుచుకోకముందే వీధి మలుపులోంచి మోటారుసైకిలు వచ్చింది. సైలెన్సర్ బిగించిన పిస్టల్ రెండుసార్లు పొడిదగ్గు దగ్గింది. వెనక కారులోని కాపలావాళ్లు తలుపు తీసేలోగా మోటారుసైకిలు మాయమైంది. విద్యుత్ కారు చప్పుడు చేయదు. ఆ ఉదయం చావు కూడా చేయలేదు.

ఆయన విచారిస్తున్నది కల్తీ మందుల కేసు. సరిహద్దులు దాటి వచ్చిన ఒక ముఠా ఉప్పునీటికి రంగు చీటీలు అంటించి పసిపిల్లల వార్డులకు అమ్మింది. గూఢచారి శాఖలో ఆ ముఠాకు పెట్టిన ముద్దుపేరు ‘దూరపు బంధువులు’. పిలవకుండా వస్తారు, పోతూ పోతూ ఇంట్లోంచి ఏదో ఒకటి పట్టుకుపోతారు. ఈసారి మనిషినే పట్టుకుపోయారు.

శాఖాధిపతిని అందరూ పెద్దాయన అంటారు. కిటికీలు లేని తన గదిలో ఆయన ఎదురుగా కూర్చున్న స్త్రీ కోడ్ నేమ్ ముంగిస. చనిపోయిన న్యాయమూర్తి ఆమెకు సొంత అన్నయ్య.

“దారి రోజూ మార్చాం. కారు నంబరు మార్చాం. బయలుదేరే సమయం కాపలావాళ్లకు కూడా అప్పటికప్పుడే చెప్పేవాళ్లం,” అన్నాడు పెద్దాయన. “ముందురోజు సాయంత్రం ఆ సమయం తెలిసేది ఇద్దరికే. ఒకడిని నేను.”

“రెండో మనిషిని నిన్న సాగనంపి వచ్చాను సార్.”

“అందుకే ఈ కేసు నీకు ఇవ్వకూడదు. నియమం.”

“నియమాలు నాకూ తెలుసు. వదినను చూసి వస్తాను. దానికి అనుమతి అక్కరలేదు కదా.”

పెద్దాయన తల పంకించలేదు, అడ్డంగానూ ఊపలేదు. ఆయన చల్లారిన టీ వైపు చూస్తూ ఉండగా ఆమె లేచింది.

వదిన వరండా మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన ఆయన బూట్లు, వాటిలో మడిచి పెట్టిన మేజోళ్లు. గోడకు బిగించిన చార్జర్ మీద పచ్చదీపం మెల్లగా వెలిగి ఆరుతోంది. సాయంత్రపు ఎండ దాని నల్లటి గాజు మీద పడి జారిపోతోంది. వదిన ఒడిలోని ఫోను చిన్నగా మోగింది. ఆమె దాని వైపు చూసి బోర్లా పెట్టింది.

“ఎవరు వదినా?”

“ఎవరూ కాదు. ఆ గోడ మీది పెట్టె. రేపు ఎన్నింటికి బయలుదేరతారు అని రోజూ ఈ వేళకు అడుగుతుంది. ఆపడం నాకు తెలియదు. తెలిసినా ఆపేదాన్ని కాదేమో. ఆయన రేపు ఎక్కడికో వెళతారని నమ్ముతున్నది ఇంకా అదొక్కటే.”

ముంగిస ఆ పెట్టె వైపు తిరిగింది. “సమయం అన్నయ్య పెట్టేవాడా, నువ్వా?”

“ఆయనకు ఫోన్లు ఎక్కడ వచ్చు? నా చెవిలో చెప్పేవారు, నేను నొక్కేదాన్ని. కరెంటు చవగ్గా ఉన్నప్పుడు నింపుకుని, సరిగ్గా ఆ వేళకు బండిని సిద్ధం చేసేది. ఒక్కరోజు తప్పలేదు.”

ముంగిస హ్యాండ్‌బ్యాగులోంచి టెస్టర్ తీసింది. చూడడానికి అది ఎలక్ట్రీషియన్ జేబులో ఉండే టెస్టరే. కానీ దాని పిడిలోని సన్నని తెర మీద, ఏ పరికరం ఎవరితో మాట్లాడుతున్నదో కనిపిస్తుంది. చార్జర్ ఇద్దరితో మాట్లాడుతోంది. ఒక చిరునామా కంపెనీది. రెండోది సముద్రాల అవతలిది.

“ఏమైనా తేడా ఉందా అమ్మాయ్?”

“ఏమీ లేదు వదినా. ఎర్తింగ్ చూస్తున్నాను.”

వృత్తిరీత్యా ఆమె ఎన్నో అబద్ధాలు ఆడింది. ఆ ఇంట్లో మాత్రం అదే మొదటిది.

సంగతి విన్న పెద్దాయన టీ కప్పు పక్కకు జరిపాడు. “ఆ కేసు ఇప్పుడు కొత్త జడ్జమ్మకు వచ్చింది. తీర్పు ఆవిడే చెబుతారు. ఆవిడ ఇంటికి చార్జర్ లేదు. నీ పని చెబుతున్నాను, విను. వెళ్లి మంచి చార్జర్ ఒకటి ఎంచుకురా.”

“మంచిదా సార్?”

“వాళ్లకు మంచిది.”

మర్నాడు నగరంలోని పెద్ద షోరూములోకి నెరిసిన విగ్గు, దళసరి కళ్లద్దాలు, చేతికర్రతో ఒక పెద్దావిడ అడుగుపెట్టింది. అద్దాల వెనక వరుసగా కార్లు మెరుస్తున్నాయి. వాటికన్నా ఎక్కువగా మెరుస్తూ, నీలిరంగు పట్టు స్కార్ఫ్ సవరించుకుంటూ, సేల్స్ కన్సల్టెంట్ ఎదురొచ్చింది. శాఖలో ఆమె పేరు చిలక. దూరపు బంధువుల కబుర్లు కొంతకాలంగా శాఖకు చేరవేస్తున్నది ఆమే. శాఖ కబుర్లు అటువైపు చేరవేస్తున్నదీ ఆమేనని, వదిన ఇంటి చార్జర్ మీద ఈ షోరూము చీటీ చూసిన నిన్నటి నుంచి ముంగిసకు అనుమానం.

“రండి పిన్నిగారూ. ఫోన్‌లో అడిగిన వాల్ బాక్స్, అదే గోడ చార్జర్, ఎవరి కోసమండీ?”

“మా అమ్మాయి కోసం. జడ్జి. ఊరందరికీ తీర్పులు చెబుతుంది గానీ ఇంట్లో ఫ్యూజు వేసుకోలేదు.”

చిలక నవ్వింది. “మీటరు సింగిల్ ఫేజా, త్రీ ఫేజా?”

“త్రీ.”

“అయితే పదకొండు కిలోవాట్లది పెట్టుకోవచ్చు. లోడ్ బ్యాలెన్సింగ్ ఉంది. ఇంట్లో గీజరు వేస్తే ఇది తనంతట తానే తగ్గుతుంది. వైఫై, యాప్, షెడ్యూల్. మీరు బయలుదేరే వేళ చెబితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది.”

“అన్నీ అదే చూసుకుంటే మనమెందుకు తల్లీ? సరే, దీన్ని ఏ గోడకు పెట్టించాలి?”

అది కోడ్. చిలక నవ్వు సగంలో ఆగింది. “ఎండ పడని గోడకండీ. రండి, లోపల డెమో చూపిస్తాను.”

డెమో గదిలో తలుపు వేసి, కూలింగ్ ఫ్యాన్ హోరు పెంచింది చిలక. ముంగిస కర్ర పక్కన పెట్టింది.

“మా అన్నయ్యకు కూడా నువ్వే అమ్మావు.”

చిలక ముఖంలో పూసుకున్న రంగు తప్ప ఏమీ మిగలలేదు. “ఎవరింటికి ఏది అమ్మాలో వాళ్లే చెబుతారు అక్కా. రాకపోకలు కనిపెడతారనుకున్నాను. భయపెడతారనుకున్నాను. ప్రాణం తీస్తారనుకోలేదు.”

“మాకు ఎందుకు చెప్పలేదు?”

“వాళ్లకు ఏది చెప్పాలో, మీకు ఏది దాచాలో, ఆ లెక్క ఎప్పుడో తప్పిపోయింది. రెండు పడవల మీద కాళ్లు పెట్టాను. నీళ్లెంత లోతో చూసుకోలేదు.” ఆమె స్కార్ఫ్ అంచు పట్టుకుంది. “క్షమిస్తావా అక్కా?”

“క్షమించడం నా శాఖ కాదు. అదే మోడల్ అమ్ము. నవ్వుతూ అమ్ము.”

పథకం సూటిగా ఉంది. జడ్జమ్మ ఇంటికి అదే చార్జర్ బిగిస్తారు. తీర్పు రోజున శాఖవారి బులెట్‌ప్రూఫ్ కారును దానికి తగిలించి, బయలుదేరే సమయం యాప్‌లో పెడతారు. ఆ వేళకు జడ్జమ్మ వేషంలో ముంగిస ముందు గేటు నుంచి బయలుదేరుతుంది. హంతకుడు వస్తాడు, మలుపులో కాచుకున్న మనుషులు పట్టుకుంటారు. అసలు జడ్జమ్మ వెనక గేటు నుంచి లాండ్రీ వ్యానులో కోర్టుకు చేరుతుంది.

ఆ రోజు ఉదయం జడ్జమ్మ తన నల్లకోటు ముంగిసకు తొడిగి, కాలరు సర్దింది.

“మీ నడక నేర్పండి అమ్మా.”

“మోకాలు నొప్పి ఉన్నదానిలా నడువు. జడ్జిలా మటుకు నడవకు, ఎవరూ నమ్మరు.” ఆవిడ ఒక క్షణం ఆగింది. “మీ అన్నయ్య నాకు రెండేళ్లు జూనియర్. నా తీర్పుల్లో కామాలు దిద్దేవాడు. ఈవేళ దిద్దేవాడు లేడు. తప్పులుంటే ఉంటాయి.”

కోటు భుజాల దగ్గర బిగుతుగా ఉంది.

ఆమె కేబుల్ తీసి, కారులో కూర్చుని, చేతులు స్టీరింగు మీద పెట్టింది. చెవిలో రేడియో. పక్క సీటులో జడ్జమ్మ ఫోను. యాప్‌లో పెట్టిన వేళ దగ్గరపడింది. పెరటివైపు వ్యాను ఇంజిన్ మేలుకుంది. అప్పుడు ఫోను మోగింది.

“గుడ్ మార్నింగ్ మేడమ్. చార్జర్ కంపెనీ కస్టమర్ కేర్ నుంచి.” చిలక గొంతు. తేనెలో ముంచినట్టు తియ్యగా, అంచున మాత్రం చిన్న వణుకు. “మీ కారు పొద్దుటి నుంచి కరెంటు అసలు తీసుకోవడం లేదండీ. ఒక్క యూనిట్ కూడా. మా ఇంజినీర్లు కూడా ఇప్పుడే గమనించారు. ఒకసారి చూసుకుంటారా మేడమ్?”

ఫోను తెగిపోయింది.

ముంగిస డ్యాష్‌బోర్డు వైపు చూసింది. బ్యాటరీ నూటికి నూరు. ఈ చార్జింగులో చేరిన కరెంటు సున్నా.

శాఖ గ్యారేజీలో పాతకాలపు నియమం ఒకటుంది. బండి ఏదైనా సరే, నిండకుండా గేటు దాటకూడదు. పెట్రోలు రోజుల్లో పుట్టిన ఆ నియమం ఎన్నో ప్రాణాలు కాపాడింది. దాన్నే తు.చ. తప్పకుండా పాటించి ఈ కారునూ నిండుగా పంపారు. పంపమని అడిగినవారికీ అది తోచలేదు, పంపినవారికీ తోచలేదు. కడుపు నిండినవాణ్ణి శత్రువు కళ్ల ముందే విందులో కూర్చోబెట్టి విస్తరి వేశారు. ఆకలి లేని బండికి చార్జింగ్ ఎందుకు? బయలుదేరే వేళ ఎందుకు? అవతలివాడు వెర్రివాడు కాదు. ముందు గేటు ఎర అని తెలిసిపోయింది. అంటే వాడు ఇప్పుడు ఉండేది పెరటి సందులో.

“బట్టలు ఆరలేదు,” ముంగిస రేడియోలో వ్యాను డ్రైవరుకు సంకేతం ఇచ్చింది. “బట్టలు ఆరలేదు. ఆపు.”

వ్యాను ముక్కు అప్పటికే వెనక గేటు దాటింది. డ్రైవరు బ్రేకు తొక్కి కిందికి వంగాడు. అద్దం భళ్లున పగిలింది. మూటల మధ్య నుంచి జడ్జమ్మ, “నేను బాగానే ఉన్నాను, నువ్వు తల ఎత్తకు నాయనా,” అనడం రేడియోలో వినిపించింది.

శాఖ మనుషులందరూ ముందువైపే ఉన్నారు. ముంగిస ముందు గేటు దాటి, కారును ఇంటి పక్క సందులోకి తిప్పి, పెరటివైపుకు పరుగెత్తించింది. మోటారుసైకిలు మీద హంతకుడు ఆమెకు వీపు చూపించి, వ్యాను పక్క తలుపుకు గురిపెడుతున్నాడు. వెనక నుంచి వస్తున్న కారు చప్పుడు చేయలేదు. వాడి వేలు బిగుసుకుంటున్న క్షణాన బంపరు చక్రాన్ని తాకింది. గుండు గోడకు తగిలి సున్నం రాలింది. వాడు బండి కింద పడ్డాడు.

ముంగిస దిగి వాడి మణికట్టు మీద కాలు పెట్టింది. ఆమె చేతిలో పిస్టల్ ఉంది. సందులో చూసేవాళ్లు లేరు. వాడు ఆమె కళ్లలోకి చూశాడు. ఆ చూపులో దయ కోసం వెతుకులాట కూడా లేదు, అలసట తప్ప. అన్నయ్యను చూసిన చివరి కళ్లు అవే.

“లే,” అంది ఆమె. “నిన్ను విచారించాలి.”

లాండ్రీ మూటల పీచు అంటిన చీరతోనే జడ్జమ్మ న్యాయపీఠం ఎక్కి, తన కన్నా ముందు కూర్చున్నవాడు మొదలుపెట్టిన తీర్పును పూర్తిచేసింది. పిల్లలను పోగొట్టుకున్న తల్లులు వెనక బెంచీల మీద వింటున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. శిక్ష పడిందని పిల్లలు తిరిగిరారు. అయినా శిక్ష పడాలి.

షోరూము వెనక గదిలో తాళం పగలగొట్టినప్పుడు చిలక నేల మీద కూర్చుని, విరిగిన చేతిని స్కార్ఫ్‌తో కట్టుకుని ఉంది. ‘ఇంజినీర్లు’ పెరటి తలుపు దగ్గరే దొరికారు.

“ఫోన్ చేశాను అక్కా.”

“విన్నాను.”

“దానివల్ల నాకు ఏమైనా...”

“చార్జిషీటులో అదీ రాయిస్తాను. మిగతావాటి కింద.” ముంగిస వంగి, విరిగిన చేతికి నొప్పి తగలకుండా, రెండో చేతికి మాత్రం బేడీ వేసింది.

వదిన ఇంటి గోడ మీది చార్జర్‌ను సాక్ష్యం కింద శాఖవారు విప్పి తీసుకుపోయారు. నాలుగు మరల రంధ్రాలు, చుట్టూ వెలిసిపోని రంగు చదరం మిగిలాయి. వదిన ఆ చదరాన్ని చూస్తూ నిలబడింది.

“‘మీ చెల్లెలు అబద్ధాల మీద జీతం తీసుకుంటుంది’ అని మీ అన్నయ్యను ఏడిపించేదాన్ని. ఈ ఒక్కదానికైనా నిజం చెప్పు. నేను పెట్టిన సమయమే కదా వాళ్లు చూసింది?”

ముంగిస దగ్గర సిద్ధంగా మూడు సమాధానాలున్నాయి, మూడూ నమ్మదగినవే. ఆమె ఏదీ వాడలేదు.

“అవును వదినా. కానీ నువ్వు నొక్కింది గడియారం, తుపాకీ కాదు.”

“వేలు ఒకటే కదమ్మా,” అంది వదిన.

ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. వదిన ఏడ్చింది, చప్పుడు లేకుండా, చాలాసేపు. ముంగిస ఆమె వేలిని తన గుప్పిట్లో పెట్టుకుని వదలలేదు. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్లారు.

కళ్లు తుడుచుకున్నాక వదినే మాట్లాడింది. “కారు అమ్మను. నేర్చుకుంటాను. ఆ పిల్లల వార్డుకు అప్పుడప్పుడు వెళ్లి రావాలి. ఆయన వెళ్లాలనుకునేవారు.”

“అయితే చార్జర్ కావాలి. మా శాఖ పరీక్షించినవి మూడున్నాయి. ఒకటి యాప్ లేకుండా కూడా—”

“వంటింటి పక్కన పవర్ ప్లగ్గు ఉంది కదా. అది చాలదా?”

“చాలుతుంది వదినా. కానీ నిండాలంటే రాత్రీ పగలూ పడుతుంది.”

“పట్టనీ,” అంది వదిన. “ఈ ఇంట్లో ఇప్పుడు తొందర ఎవరికి?”